ఎర్ర దారం కట్టిన చొక్కా

మా లైబ్రరీలో ప్రయాణాల పుస్తకాలు ఒక బీరువా నిండా ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా వాటిని దులపడం, అడిగినవాళ్లకి ఇవ్వడం, తిరిగి తీసుకోవడమే నా పని. కాకినాడ దాటి నేను వెళ్లింది తక్కువ. అందుకే హైదరాబాదులో నాలుగు రోజులుండి వచ్చానని తెలియగానే, పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లంతా చుట్టూ చేరారు. "ఫిల్మ్ నగర్ వెళ్లావటగా, ఎవరెవరు కనిపించారమ్మా?" అని ఒకటే గోల. వాళ్లు అనుకునేవాళ్లెవరూ కనిపించలేదు. కనిపించినవాళ్ల గురించి నోటితో చెప్పడం నావల్ల కాలేదు, అందుకని రాస్తున్నాను. సరదాగా ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

నేను వెళ్లింది మా తమ్ముడు సూరిబాబు కోసం. వాడికి నలభై ఆరేళ్లు. ఇరవై దాటగానే మనసు చెదిరింది. నెలల తరబడి బాగుండేవాడు, మళ్లీ నెలల తరబడి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అయినా మాతోనే ఉండేవాడు. ఎనిమిదేళ్ల క్రితం ఒక పొద్దున్న కాఫీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లి, గ్యాసు కట్టకుండా వచ్చేశాడని తేల్చాం. ఇల్లంతా వాసన. అగ్గిపుల్ల ఎవరూ గియ్యలేదు కాబట్టి బతికాం. "నేను కాదక్కా, నేను కాదు" అని వాడు మొత్తుకున్నాడు. ఆ వారంలోనే ఆస్పత్రిలో చేర్పించాం. కాగితం మీద సంతకం నాదే. బాగానే ఉన్నాడు తీసుకెళ్లండని వాళ్లు చెప్పాక కూడా తెచ్చుకోలేదు. మావారు ఒప్పుకోలేదని అందరితో అంటుంటాను గానీ, నేనూ ఒప్పుకోలేదు.

ఆస్పత్రి నుంచి ఒక హోముకి, అక్కణ్ణుంచి ఆరు నెలల క్రితం హైదరాబాదులో ఒక సహకార సంఘానికి వెళ్లాడు. అందులో తొమ్మిది మంది సభ్యులు, తొమ్మిది మందీ ఒకప్పుడు మానసిక వైద్యం కోసం ఆస్పత్రుల్లో ఏళ్లు గడిపినవాళ్లే. సినిమా షూటింగు బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వడం వాళ్ల పని. కొత్తగా వచ్చినవాళ్లు ఆరు నెలలు పనిచేశాక, ఉంచుకోవాలో వద్దో సభ్యులంతా కూర్చుని తేలుస్తారు. సూరిబాబు సంగతి ఆ శనివారం తేలుస్తామనీ, ఇంటివాళ్లు ఒకరు రావాలనీ కబురొచ్చింది. వద్దంటే వాడు మళ్లీ ఆ హోముకే వెళ్లాలి. అక్కడ మంచానికి మంచం తగిలి ఉంటుంది, కిటికీలన్నిటికీ ఇనప జాలీ. నేను ఒకసారి వెళ్లి చూశాను, రెండోసారి వెళ్లలేదు.

రహమత్ నగర్

ఆటో అతనికి అడ్రసు చదివి వినిపిస్తే నవ్వాడు. "సిన్మా బట్టలు ఉతికే పిచ్చోళ్ల దుకాణమా? నాకెరుకే అమ్మా. మంచోళ్లు. నా ఖాకీ చొక్క గూడ ఆడనే ఇస్త." రెండు వందల యాభై అన్నాడు, రెండు వందల ఇరవైకి తెగింది. ఎత్తు మీదికి ఎక్కుతూ పోయే సన్నటి సందులు, తల మీద కరెంటు తీగలు, ఇంటింటి ముందూ నీలం రంగు డ్రమ్ములు. కుళాయిని ఇక్కడ నల్లా అంటారు. అది రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చిన గంటా అందరూ పరుగులే. మా ఊళ్లో నీళ్లకి కొదవ లేదు, ఆ సంగతి అక్కడ డ్రమ్ములు చూశాకే గుర్తొచ్చింది.

సంఘాన్ని నడిపేది యాదమ్మ. యాభై ఐదేళ్లుంటాయి, పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆవిడ కూడా ఆరేళ్లు ఆస్పత్రిలో ఉన్నావిడే. "బావొస్తరు గానీ అక్కొస్తదనుకోలే. కూసోండ్రి" అని జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మేం చింతపండు రసం మరగకాచి గానీ తాగం. ఇక్కడ పచ్చిదే పిసికి, ఉల్లిపాయ ముక్కలు వేసి పోసేస్తారు. అనుమానంగా మొదలుపెట్టి మూడుసార్లు పోయించుకున్నాను.

శనివారం ఎలా జరుగుతుందని అడిగాను. వాణ్ణి ఏం ప్రశ్నలు అడుగుతారోనని నా బెంగ.

"ఆయన్ని ఏమడగం. ఇన్నేండ్లు ఆస్పత్రుల్ల మమ్మల్నే అడిగిన్రు గదా, నీకేమైంది, ఎందుకు గిట్ల చేసినవ్ అని. గీడ మేం ఇంటోళ్లను అడుగుతం" అంది యాదమ్మ.

అది సంఘం పద్ధతట. నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వలేదు.

మిగతావాళ్లంతా ఫిల్మ్ నగర్‌లో ఇస్త్రీ దగ్గరున్నారు. నన్ను పడుకోమని చెప్పి, వాళ్ల అన్నం కేరియర్లు పట్టుకుని యాదమ్మ కూడా వెళ్లిపోయింది. నేను పగలు పడుకునే మనిషిని కాదు. నాకున్న జబ్బు ఇంకోటి, మురికి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మావారు నన్ను మున్సిపాలిటీ అని పిలుస్తారు. గోడకి ఒక మేకు, మేకుకి ఒక నల్ల సంచీ, అందులో ఒక తెల్ల చొక్కా. మట్టి, టీ మరకలు, ఎడమవైపు నెత్తురులాంటి ఎర్రటి మరక. ఉతకడం మరిచిపోయి తగిలించేశారు అనుకున్నాను. కాలరు గుండీకి ఒక ఎర్ర దారం ముడేసి ఉంటే విప్పి, పారెయ్యబుద్ధి కాక పర్సులో వేసుకున్నాను. బట్టల సబ్బు, నిమ్మచెక్క, గంటసేపు రుద్దుడు. మరక ఆనవాలు కూడా మిగల్చలేదు. డాబా మీద ఎండకి ఇట్టే ఆరిపోయింది. చక్కగా మడతపెట్టి మళ్లీ ఆ సంచీలోనే పెట్టి తగిలించాను. వాళ్లే చూసుకుని ఆశ్చర్యపోతారులే అని ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం సూరిబాబు వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. "బాగున్నావా అక్కా, బస్సులో సీటు దొరికిందా?" అని అడిగాడు. ఎనిమిదేళ్లలో నేను వాణ్ణి చూసింది నాలుగుసార్లు. అయినా ఒక్క నిష్ఠూరం మాట లేదు, అదే నాకు కష్టంగా ఉంది.

ఫిల్మ్ నగర్

గురువారం పొద్దున్నే మూటలతో, మేకుకున్న నల్ల సంచీతో నన్నూ ఆటో ఎక్కించుకున్నారు. దారిలో కృష్ణానగర్ కూడలి దగ్గర వందల మంది నిలబడి ఉన్నారు. గుంపు సీన్లలో నిలబడే పని కోసం రోజూ అలాగే నిలబడతారట. రిటైరైన మేస్టారిలా ఒకాయన ఉన్నారు, ఒకావిడ పెళ్లివారిలా పట్టుచీర కట్టుకుని అరటిపండు తింటోంది.

ఫిల్మ్ నగర్ అంటే నేనేదో ఊహించుకున్నాను. ఆఫీసు బోర్డులు, పార్కింగు గొడవలు, వ్యాన్లు, టీ బండ్లు. టీ పదిహేను రూపాయలు, గ్లాసు మాత్రం మందుల సీసా మూతంత. ఒక నిర్మాణ సంస్థ ఆఫీసు కింద, కార్లు పెట్టుకునే సెల్లార్‌లో ఒక మూల సంఘం వాళ్ల ఇస్త్రీ బల్లలు. అక్కడే సూరిబాబు తన పని చూపించాడు. చూపిస్తున్నప్పుడు వాడి ముఖంలో కళ చూసి ఎన్నేళ్లయిందో.

"అక్కా, ఒక సీను సగం ఇవాళ తీస్తారు, మిగతా సగం పది రోజులకి తీస్తారు. తెర మీద మాత్రం అది ఒకటే నిమిషం. అందుకని చొక్కా మీద మరక అప్పుడెలా ఉందో అలాగే ఉండాలి. కంటిన్యూటీ అంటారు. ఆ బట్టలు ఉతక్కూడదు. గుర్తుకి ఎర్ర దారం కడతాం. అవన్నీ నా పూచీ."

గట్టి అట్ట నోటుపుస్తకం తీశాడు. ఒక్కో బట్టకి ఒక్కో పేజీ. చొక్కా బొమ్మ గీసి, మరకలు గీసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలు: 'ఎడమ జేబు కింద, అరచెయ్యంత, అంచు ముదురు, మధ్యలో లేత.' ఆస్పత్రి కాగితాల్లో వాడి గురించి, ఒకే వస్తువుని గంటల తరబడి చూస్తూ ఉంటాడు అని రాశారు. ఇక్కడ వాడికి అన్నం పెట్టేది ఆ చూపే.

ఎర్ర దారం అన్న మాట దగ్గరే నా చెయ్యి పర్సు మీదికి వెళ్లింది. నేను నోరు తెరిచేలోపే మురళి వచ్చాడు. ఆ సినిమాకి బట్టలు చూసుకునే మనిషి, పాలకొల్లు వైపు యాస, మర్యాదస్తుడు. "రేపొద్దున్న తండ్రి వేషం ఆయన చొక్కా కావాలండీ, ఒకసారి చూస్తాను" అన్నాడు. సూరిబాబు నల్ల సంచీ విప్పాడు. చొక్కా మల్లెపువ్వులా ఉంది.

మురళి దాన్ని వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"హీరోవైతే నాలుగైదు జతలుంటాయి, ఇది ఒక్కటేనండీ. యాదమ్మగారూ, మీవాళ్లకిచ్చినందుకు నన్ను పనిలో ఉంచుతారా ఇంక? ఎవరు ఉతికారు?" అన్నాడు మురళి.

అందరూ సూరిబాబు వైపు చూశారు. వాడు పుస్తకం తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు. "నేను ఉతికినట్టు గుర్తు లేదండి. కానీ మొన్న రాత్రి మాత్ర వేసుకున్నాక కొంచెం మబ్బుగా ఉంది. నేనే అయ్యుంటాను" అన్నాడు.

నేనే అయ్యుంటాను. ఆ మాట ఎంతో తేలిగ్గా అన్నాడు, ఏళ్ల తరబడి అనీ అనీ అరిగిపోయిన మాట అది. నేను ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నేనని చెప్పాలి. చెప్పలేదు. తర్వాత చెబుదాం, మురళి వెళ్లాక చెబుదాం అనుకున్నాను. మురళి వెళ్లాక, యాదమ్మ పక్కకెళ్లాక అనుకున్నాను. పిరికిదానికి సాకులకేం తక్కువ?

"రేపటిలోగా మరక మళ్లీ వేసిస్తాను. పుస్తకంలో ఉంది కదా" అన్నాడు సూరిబాబు.

టోలిచౌకి

మరకని ముందు అదే రకం గుడ్డ మీద వేసి చూడాలి. ఆ చొక్కా కుట్టిన ఖాజాభాయ్ దుకాణం టోలిచౌకిలో ఉంది, ముక్కలు మిగిలి ఉంటాయని అక్కడికి బయల్దేరాం. రోడ్డు పొడుగునా కబాబుల పొగ, పళ్ల బళ్లు, బుర్ఖాల కొట్లు. నేను మాంసం తినను. అది తెలిసి ఖాజాభాయ్ పక్క హోటల్నుంచి చాయ్, బిస్కెట్లు తెప్పించాడు. ఆ చాయ్ మా కాఫీ కన్నా చిక్కన, బిస్కెట్టు తీపీ ఉప్పూ కలిసి ఉంది. ఇంకో రోజైతే ఇష్టంగా తినేదాన్ని.

ఖాజాభాయ్ గుడ్డపీలికల సంచీ వెతుకుతూ సంగతంతా విన్నాడు. చేతిలో సంచీ కింద పెట్టేశాడు.

"సూరిభాయ్ దారం బట్ట ఉతికిండా? నేన్ నమ్మ. మొన్న షేర్వాణీకి ఏడో గుండీ వేరే రంగున్నదని పట్టుకున్న మనిషి. నా కండ్లకే దొరకలే అది. ఇంకెవరో చేసిండ్రు, జర సోచాయించు భాయ్."

"లేదు భాయ్, నేనే" అన్నాడు సూరిబాబు.

"నీకు యాదికున్నదా?"

"లేదు. కానీ నాకు గుర్తులేనివి చాలా చేశానని ఇంట్లోవాళ్లు చెప్పారు."

ఖాజాభాయ్ నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు, ఇంటివాళ్లు కదా మీరన్నా చెప్పండి అన్నట్టు చూశాడంతే. నేను బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ కూర్చున్నాను. అది విరిగి గ్లాసులో పడిపోయింది. నాకు పరిచయం లేని ఊళ్లో, వేరే భాష కలిసిన నోటితో ఒక దర్జీ మా తమ్ముణ్ణి నమ్మాడు. తోడబుట్టినదాన్ని నేను ఎప్పుడూ నమ్మలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఫిల్మ్ నగర్ గుట్టల దగ్గర ఆటో ఆపించి, ఒక బండ కింద ఎర్రమన్ను చిటికెడు గీకి కాగితంలో కట్టుకున్నాడు. సాయంత్రం చీకటి పడేలోపు డాబా మీద కూర్చుని మొదలుపెట్టాడు. టీ డికాషను మూడు రకాల చిక్కదనంలో. మేకప్ వాళ్లు నెత్తురుకి బదులు వాడే ఎర్రటి పాకం. దూది, పాత టూత్‌బ్రష్. పుస్తకం చూస్తూ, ముక్క మీద వేసి ఆరబెట్టి, సరిపోయాకే చొక్కా మీద. "అంచు ముదురు, మధ్యలో లేత" అని గొణుక్కుంటూ. గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నది నేనే. నేను పోగొట్టిన ప్రతి మరకా నా కళ్లముందే మళ్లీ వేశాడు. రెండు గంటలు. ఒక్క మాట చెబితే సరిపోయేది. డికాషను చల్లారిందా అక్కా అని అడిగితే చల్లారిందిరా అన్నాను, అదే నేను మాట్లాడింది.

జూబ్లీహిల్స్

శుక్రవారం షూటింగు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో. ఆ రోడ్లమీద మనుషులు నడవరు, కుక్కలు నడుస్తాయి, వాటి గొలుసులు పట్టుకుని పనివాళ్లు నడుస్తారు. గేటు ముందు పెద్ద ముగ్గు ఉంది, కానీ పెయింటుతో వేసింది. ఏళ్ల తరబడి అదే ముగ్గట. రోజూ ఊడ్చి ముగ్గేసే మా వీధి ఆడవాళ్లకి ఈ సంగతి చెబితే సగం మంది అసూయపడతారు, సగం మంది తిడతారు.

గేటు దగ్గర నిలబడితే ఎవరో కుర్రది వచ్చి, "ఆంటీలు ఇటు, ఆంటీలు ఇటు" అని నన్ను గుంపు సీను వరసలో నిలబెట్టేసింది. చెప్పేలోపు చేతిలో ఉప్మా పళ్లెం పెట్టారు. యాదమ్మ వచ్చి విడిపించింది.

మురళి పాత ఫోటోలు ఫోనులో పెట్టుకుని, చొక్కా పక్కన పెట్టి చూశాడు. దూరం నుంచి, దగ్గర నుంచి. "అచ్చు గుద్దినట్టుంది" అన్నాడు. సీను అయిపోయింది, ఎవరూ ఏ తేడా పట్టలేదు. సూరిబాబు కారు పక్కన నీడలో నిలబడి పుస్తకం గుండెకి పట్టుకుని ఉన్నాడు. అప్పుడు మురళి యాదమ్మని పక్కకి పిలిచాడు. నేను వినేంత దూరంలోనే ఉన్నాను.

"ఈసారికి గట్టెక్కామండీ. మామూలు బట్టలు మీకే ఇస్తాం. కంటిన్యూటీవి మాత్రం ఇంక వద్దు. ఆయన మంచోడే, నేను కాదన్ను. కానీ చేసిందే గుర్తులేని మనిషి చేతిలో ఎలా పెట్టమంటారు?"

ఆ మాట నిజమైతే న్యాయమే. అది నిజం కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే ఆ రోడ్డుమీద ఉన్నాను. 

మళ్లీ రహమత్ నగర్

శనివారం పదింటికి కూర్చున్నారు. తొమ్మిది మంది చాపల మీద, ఎదురుగా నాకొక కుర్చీ. అతిథి మర్యాద అనుకున్నాను గానీ కూర్చున్నాక తెలిసింది, ఆస్పత్రిలో డాక్టరు ముందు వాళ్లని కూర్చోబెట్టే కుర్చీ లాంటిదే అది. సూరిబాబు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చొక్కా విషయం అందరికీ తెలుసు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

నన్ను మూడే అడిగారు. వాడికి ఏ కూర ఇష్టం అని ఒకరు. చెప్పలేకపోయాను, మరిచిపోయాను. వాడు ఇక్కడుంటే ఏడాదికెన్నిసార్లు వస్తారని ఇంకొకరు. రెండుసార్లన్నాను. మూడోది యాదమ్మ అడిగింది.

"అమ్మా, మీ తమ్ముడు చెప్పిన మాట మీరెప్పుడన్న నమ్మిన్రా? ఒక్కటి చెప్పున్రి."

వెతికాను. నలభై ఆరేళ్లలో ఒక్కటి దొరకలేదు. పర్సు తెరిచి, ఎర్ర దారం తీసి చాప మీద పెట్టాను. "బుధవారం మధ్యాహ్నం ఆ చొక్కా ఉతికింది నేను" అన్నాను. ఇంకేదో చెప్పబోయి ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, తిట్టనూ లేదు.

యాదమ్మ అక్కడినుంచే మురళికి ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. అతను అంతా విన్నాడు. "అయ్యో పాపం. కానీ ఎవరు ఉతికినా ఒకటేనండీ, మావాళ్లు ఆ పని వేరేవాళ్లకి చెప్పేశారు" అన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసి, "ఉంచుకుందామా?" అని అడిగింది. తొమ్మిది చేతులూ లేచాయి. సూరిబాబు సభ్యుడయ్యాడు. సోమవారం నుంచి ఇస్త్రీ బల్ల దగ్గర. మరకల పని సంఘానికే లేదు ఇంక.

మధ్యాహ్నం డాబా మీద వాడు బట్టలు తీస్తుంటే వెళ్లాను. క్షమించరా అన్నాను. వాడు క్లిప్పులు డబ్బాలో వేస్తూ, "అయితే నాకు గుర్తున్నదే నిజమన్నమాట" అన్నాడు. సంతోషంగా అనలేదు. భయపడ్డవాడిలా అన్నాడు. డబ్బా మూతపెట్టి అడిగాడు.

"అక్కా, ఆ రోజు గ్యాసు నేనేనా? నేనేనని డాక్టర్లందరికీ చెప్పాను. నువ్వు చెప్పావు కదా అని."

ఎనిమిదేళ్లుగా నాకు నేను కూడా చెప్పుకోని మాట ఒకటుంది. ఆ పొద్దున్న వాడు కాఫీ పెట్టుకుని వెళ్లిపోయాక, పొయ్యి మీద పాలు పెట్టి దేవుడి గదిలోకి వెళ్లింది నేను. వచ్చేసరికి పాలు పొంగి మంట ఆరిపోయి ఉంది, గ్యాసు వస్తూనే ఉంది. కట్టేశాను. ఇల్లంతా లేచి వచ్చేలోపు పొయ్యి తళతళా తుడిచేశాను. మురికి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆ తర్వాత మావారు వాడి పేరెత్తారు, నేను ఊరుకున్నాను.

అదంతా వాడికి చెప్పాను. వాడు కిందికి వెళ్లాడు. నోటుపుస్తకం తెచ్చి, ఖాళీ పేజీ తీసి, మా పాత పొయ్యి బొమ్మ గీశాడు. రెండు బర్నర్లు, పక్కన గొట్టంతో సహా.

"పాలు ఎక్కడిదాకా పొంగాయి?"

"ఎడమ బర్నరు చుట్టూ. అరచెయ్యంత."

"అంచు మాడిందా?"

"మాడింది. మధ్యలో ఇంకా తడిగానే ఉంది."

రాసుకున్నాడు. రాసింది నా వైపు తిప్పి, సరిగ్గా ఉందా అక్కా అని అడిగాడు. సరిగ్గా ఉందిరా అన్నాను.